కళ్ళు తినే పెట్టె

నేను ఒక చేతి ఆటయంత్రాన్ని. రెండు చేతులతో పట్టుకుంటే సరిగ్గా ఇమిడే దేహం, మధ్యలో చిన్న తెర, ఎడమవైపు దిక్కులు మార్చే మీట, కుడివైపు గుండ్రటి బొత్తాలు. బందరులో నేనుంటున్న ఇంట్లో నాకు పెట్టిన పేరు మాత్రం 'కళ్ళు తినే పెట్టె'. నేను కళ్ళు తినను. నాకు నోరు లేదు. ఉన్నదల్లా కొంచెం వెలుతురు. అదీ అడిగినవారికే ఇస్తాను. ఈ మాట ముందుగానే చెప్పడం ఎందుకంటే, నా మీద విచారణ జరిగిన రోజున ఎవరూ నన్ను అడగలేదు.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. సముద్రాలకు అవతల ఒక కర్మాగారంలో, పొడవాటి బల్ల ముందు వరుసగా కూర్చున్న ఆడపిల్లలు నన్ను ముక్కముక్కగా కూర్చారు. ఒకతె తెర అమర్చింది, ఇంకొకతె మరలు బిగించింది, చివరి అమ్మాయి నన్ను వెలిగించి, కళ్ళు చికిలించి చూసి, సరేనని తలూపి పక్కకు జరిపింది. పొద్దస్తమానం తెరలు చూసి చూసి ఎర్రబడిన ఆ కళ్ళే నేను లోకంలో మొదట చూసిన కళ్ళు. వాటి కోసం ఏ ఇంట్లోనూ పంచాయితీ జరిగి ఉండదు. పని కోసం పాడైన కళ్ళను మనుషులు లెక్కలోకి తీసుకోరని నాకు ఆనాడే తెలియవలసింది.

బెజవాడలో ఒక దుకాణం అద్దాల వెనక నుంచి నన్ను కొనిపించుకున్న పిల్ల పేరు లహరి. బడిలో చదువుకున్నన్నాళ్ళూ నన్ను ప్రాణంగా చూసింది. కాలేజీ హాస్టలుకు వెళ్ళే రోజున, ఫోనులో ఇంతకన్నా మంచి ఆటలున్నాయని తేల్చేసి, నన్ను తన నాయనమ్మ ఒడిలో పడేసింది. "ఇది నీకే బామ్మా. టైపు కొట్టినట్టే అనుకో. వేళ్ళు ఊరికే ఉంచకు" అంది. మనుషుల ప్రేమ అంత సులువుగా చేతులు మారుతుంది. నేను నొచ్చుకోలేదు. నొచ్చుకునేలోగా పేరిందేవి నన్ను చేతిలోకి తీసుకుంది.

పేరిందేవి జిల్లా కోర్టులో టైపిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. తెలుగు టైపు మిషను మీద తీర్పులు కొట్టి కొట్టి గట్టిపడిన వేళ్ళు. నాలో ఉన్న ఆటల్లో ఆమెకు నచ్చింది ఒక్కటే: పైనుంచి రాలే ఇటుకలను సందు లేకుండా పేర్చడం. వరుస నిండితే అది మాయమవుతుంది, లేదంటే గోడ పెరిగి మీదికొస్తుంది. మొదట్లో రెండు వరుసలకే ఓడిపోయేది. తర్వాత తర్వాత, ఇటుక తెర మీదికి రాకముందే దాని చోటు ఆమె కంటికి తెలిసిపోయేది. అంత శ్రద్ధగా నన్ను లహరి కూడా చూడలేదు.

ఒక మనిషి ముఖాన్ని అంత దగ్గరగా చూసే యోగం నాబోటి వస్తువుకే దక్కుతుంది. ఆమె పెదవి బిగించడం, గెలిచినప్పుడు ముక్కుపుటం అదరడం, నుదుటి మీద గీత లోతెక్కడం, అన్నీ నాకు తెలుసు. కొన్నాళ్ళకు మరొకటి కూడా చూశాను. ఆమె కళ్ళలో ఎర్రజీరలు వచ్చాయి. నీరు కారేది. ఆట ముగించి లేచాక కణతలు నొక్కుకునేది. నా తెరను చూడటానికి గడ్డం పైకెత్తి, మళ్ళీ దించి, నన్ను ముందుకు జరిపి, వెనక్కి జరిపి అవస్థపడేది.

అలాంటప్పుడు ఆమె పెట్టుకునేది ఇంటి కళ్ళజోడు. ఆ మాటకు అర్థం చెప్పాలి. పేరిందేవి భర్త పోయాక ఆయన బంగారు పూత ఫ్రేము కళ్ళజోడు హాల్లో టీవీ పక్కన మేకుకు చేరింది. అప్పటి నుంచి అది ఇంటిల్లిపాదికీ ఉమ్మడి. కరెంటు బిల్లు చూడటానికి కొడుకు వరద పెట్టుకుంటాడు, సూదిలో దారం ఎక్కించడానికి కోడలు వల్లి పెట్టుకుంటుంది, పంచాంగానికీ ఆటకూ పేరిందేవి పెట్టుకుంటుంది. శుక్లాలకు ఆపరేషను అయినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఆమెకు వేరే జోడు చేయించుకోమని చీటీ రాసిచ్చారు. "ఇంట్లో నిక్షేపంలాంటి జోడుండగా ఇంకోటెందుకు?" అని చీటీని పక్కన పడేసింది సాక్షాత్తూ ఆమే. ఆ ఇంట్లో అప్పుడు అందరూ మెచ్చుకున్నారు.

ఇక విచారణ. ఒక ఆదివారం ఉదయం, కాఫీలయ్యాక.

"అద్దంలో నీ కళ్ళు చూసుకున్నావా అమ్మా? చింతనిప్పుల్లా ఉన్నాయి" అన్నాడు వరద, తన ఫోను మీంచి చూపు తిప్పకుండా.

"నువ్వు చూశావా?"

"చూడకుండానే చెప్తున్నానా?"

"ఆఁ."

వరద తలెత్తాడు. వల్లి అందుకుంది. "మీ మంచికే కదా అత్తయ్యగారూ. పొద్దున్న లేచింది మొదలు ఆ కళ్ళు తినే పెట్టేనా? మా పెద్దమ్మని చూడండి, ఈ వయసులో భాగవతం పట్టింది. ఎంత బావుంటుందో."

"ఆవిడకి కళ్ళు మండవా?"

"మండుతాయి పాపం. అయినా వదలదు."

"ఆవిడ కళ్ళు మండితే భక్తి, నా కళ్ళు మండితే పిచ్చీనా? బావుందే నీ ధర్మశాస్త్రం!"

"అది కాదమ్మా…" అన్నాడు వరద.

"ఏది కాదురా? కోర్టులో గుడ్డి దీపం కింద స్టెన్సిళ్ళు కొట్టినప్పుడు నా కళ్ళెలా ఉన్నాయని మీ నాన్న అడగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి బియ్యంలో రాళ్ళేరితే మీ మామ్మ అడగలేదు. నీ చొక్కాలకి గుండీలు కుట్టినప్పుడు నువ్వూ అడగలేదు. ఇప్పుడు నా సరదాకి నేనో ఆట ఆడుకుంటుంటే ఇంతమందికి నా కళ్ళు గుర్తొచ్చాయా?"

వరద మళ్ళీ ఫోనులోకి దిగాడు, వల్లి కాఫీ గ్లాసులు ఏరింది. అయితే జవాబు లేకపోవడం మనుషులను ఆపదు. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా వల్లి నన్ను తీసుకుపోయి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసింది. నాఫ్తలిన్ గోళీల వాసన. నాకు వాసన తెలియదని మీరనవచ్చు. ఆ బీరువాలో ఉండి చూడండి.

పేరిందేవి గొడవ పెట్టుకోలేదు. బీరువా తలుపు వెనక నుంచి నాకు ఆమె గొంతు వినబడుతూనే ఉండేది. పేపరు చదువుతూ కళ్ళు తుడుచుకుంటున్నానంటుంది. నుదుటికి బామ్ అడుగుతుంది. పంచాంగంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయంటుంది. నేను జైల్లో ఉన్నాను. తలనొప్పి మాత్రం ఇంట్లో స్వేచ్ఛగా తిరుగుతోంది. ఈ చిన్న తేడాను గమనించిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే.

ఒకరోజు గుమ్మం దగ్గర పాత సామాన్లవాడి కేక వినిపించింది. వల్లి వాడితో బేరం మొదలుపెట్టింది. "ఎల్లుండి రా. పాత మిక్సీ ఉంది, ఓ గేము పెట్టె కూడా ఇస్తాను. స్టీలు బేసిను మాత్రం గట్టిది తేవాలి, సొట్టది తెస్తే ఊరుకోను." నా విలువ ఒక బేసిను, అదీ పాత మిక్సీతో కలిపి. చీరల మధ్య పడుకుని నేను చేయగలిగింది ఏమీ లేదు. చేయవలసినామె చేసింది.

"తాళం ఇయ్యి వల్లీ."

"ఎందుకత్తయ్యగారూ?"

"ముద్దాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. సాక్ష్యం లేకుండా శిక్ష వెయ్యడం కోర్టులో నేను చూళ్ళేదు. ఇంట్లోనే చూస్తున్నాను."

వల్లి తాళం ఇచ్చినట్టుంది, బీరువా తలుపు తెరుచుకుంది. ఆ గొంతు విన్నాక ఎవరైనా ఇస్తారు.

కంటి డాక్టరు పేరు తబస్సుమ్. లహరికన్నా కాస్త పెద్దదేమో. సంచిలోంచి బయటికి వచ్చిన నన్ను చూసి ఆమె నవ్వింది.

"ఈ వయసులో గేములేంటి పెద్దమ్మా! మానెయ్యండి, అదే తగ్గుతుంది."

"మానాను. బీరువాలో పెట్టారు దీన్ని. తగ్గలేదు. ఇంకేదైనా చెప్పమ్మా."

డాక్టరు నవ్వు ఆపి, కలం కింద పెట్టి, దీపం దగ్గరికి తెచ్చి ఆ కళ్ళను తీరిగ్గా పరీక్షించింది. తర్వాత, "ఏదీ, రోజూ ఎలా ఆడతారో అలా ఆడండి" అంది. పేరిందేవి సంచిలోంచి జోడు తీసి పెట్టుకుని ఆట మొదలుపెట్టింది. ఇటుకలు రాలాయి. డాక్టరు నా తెరను వదిలి ఆమె కళ్ళనే చూసింది.

"మీరు రెప్ప వెయ్యట్లేదు పెద్దమ్మా. కన్ను ఎండిపోతోంది. మంట అందుకే."

"రెప్ప వేస్తే ఇటుక తప్పుతుంది."

"తప్పితే మళ్ళీ కట్టుకోవచ్చు. సరే, ఈ జోడెవరిది?"

"ఇంటిది."

"ఇంటికి కళ్ళుంటాయా?"

పేరిందేవి జోడు తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాత ఆమె పకపకా నవ్వింది. పోయినాయన జోడని, ఆపరేషను ముందు నాటిదని, తానే చీటీ పారేశానని దాపరికం లేకుండా చెప్పేసింది. డాక్టరు నెత్తి కొట్టుకుంది. ఆయన చూపుకు, ఆయన ముఖానికి కొలిచి చేసిన అద్దాల్లోంచి ఇంతకాలం చూస్తే తల నొప్పి పుట్టక ఏమవుతుందని మందలించింది. పేరిందేవి నన్ను ఎంత దూరాన పట్టుకుంటుందో టేపుతో కొలిచి, ఆ దూరానికే కొత్త జోడు రాసింది. కన్ను తడిగా ఉండటానికి చుక్కల మందు ఇచ్చింది. తెర మీద ట్యూబులైటు మెరవకుండా కూర్చోవాలని, ఒక్కో ఆట అయ్యాక తలెత్తి దూరంగా చూడాలని, రెప్పవేయడం మరిచిపోకూడదని చెప్పింది.

"ఆట మానమని రాయవా మరి?" అడిగింది పేరిందేవి.

"రాస్తే మానతారా?"

"మానను."

"మరి కాగితం దండగ కదా."

కొత్త జోడు వచ్చేదాకా నేను పేరిందేవి దిండు కింద ఉన్నాను. పాత సామాన్లవాడు చెప్పిన రోజుకే వచ్చాడు. వల్లి నోరు తెరవకముందే పేరిందేవి నన్ను చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది. "మిక్సీ తీసుకెళ్ళు నాయనా. పెట్టె మీద కేసు కొట్టేశారు." వాడు అర్థంకాక వల్లి వంక చూశాడు. వల్లి మిక్సీ ఇచ్చేసింది. బేసిను చిన్నదే వచ్చింది.

వరద మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. "అయినా ఆ ఆట వల్ల ఏం లాభమమ్మా?" అన్నాడు సాయంత్రం.

"లాభం కోసం చెయ్యాల్సినవన్నీ చేశాన్రా. ఇది దాని కోసం కాదు."

ఇప్పుడు మేము వీధి వరండాలో, పగటి వెలుతురులో ఆడుకుంటాము. ఎదురింటి మేడ మీద నీళ్ళ ట్యాంకు, దాని వెనక కొబ్బరి మొవ్వులు, ఇంకా వెనక ఆకాశం. వరుసలు పూర్తికాగానే ఆమె తలెత్తి అటు చూస్తుంది. ఆట మధ్యలో కన్ను బరువెక్కితే ఒక బొత్తం నొక్కుతుంది. ఆ బొత్తం నన్ను ఆపడానికి ఉన్నది. నన్ను చేసిన రోజునే పెట్టారు. లహరి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. నన్ను తిట్టినవారికి అది ఉన్నదని కూడా తెలియదు. ఆపే వీలు ఉన్న వస్తువును ఆపకుండా, ఆగలేదని నిందించడం మనుషులకే చెల్లింది.

కళ్ళు పూర్తిగా నయమయ్యాయని చెప్పను. ఎండ ఎక్కువైన రోజున ఇంకా నీరు కారుతుంది, చుక్కల మందు వేసుకుని ఆమె కాసేపు కళ్ళు మూసుకుంటుంది. నేను ఆగి ఉంటాను. నా బ్యాటరీ కూడా మునుపటిలా నిలవడం లేదు. కుడి బొత్తం ఒక్కోసారి అతుక్కుపోతోంది. ఏదో ఒకనాడు వెలగనని మొరాయిస్తాను. అప్పుడు ఏ బేసిను కిందో, ఏ మిక్సీ పక్కనో పాత సామాన్ల బండి ఎక్కుతాను. అరిగిపోయిన వస్తువు అక్కడికే చేరుతుంది, అందులో నాకు అవమానం లేదు.

చెత్తకుప్పకు నేను వెళ్తాను. ముద్దాయిగా మాత్రం వెళ్ళను.