తీగ మార్చిన రోజు

రాజారత్నం పరికరాల ఇత్తడి మరల మీది చిలుమును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. చిత్తూరు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో అటెండరుగా ఇరవై తొమ్మిదేళ్ళనుంచి పొద్దుటి పని అదే. వేళ్ళ కొసలకు పట్టిన ఇత్తడి వాసన సబ్బుకు కూడా పోదు. ఆ రోజు చేతులు ఆడుతున్నా ధ్యాస మాత్రం ఇంటి మీదే ఉంది.

భార్య శకుంతలమ్మ గుండె జబ్బుతో మూడు నెలలుగా లోపలి గదిలో మంచం పట్టింది. ఆమెకు మిగిలిన ముచ్చటల్లా నాదస్వరం క్యాసెట్లు. టేపురికార్డరు ముందు గదిలో ఉండేది. లేచి రాలేకపోతోందని అతను పొడుగాటి కొత్త తీగ కొనుక్కొచ్చి, స్పీకరును ఆమె దిండు దగ్గరికి చేర్చాడు. రెండు రోజులు విని, సన్నాయి గొంతు ఎండిపోయినట్టుందనీ, పాత తీగే మేలనీ అంది. ఆ మాటతో అతనికి అన్నం సయించలేదు.

మధ్యాహ్నం లెక్చరరు బాలచంద్రను అడిగి మీటరు ఇంటికి తెచ్చాడు. రెండు తీగల్లోనూ కరెంటుకు ఎంత అడ్డుందో కొలిచాడు. తేడా అర ఓము కూడా లేదు. మీటరు ముల్లు ఆమెకు చూపించాడు.

"దానికి చెవులుండాయా?" అంది శకుంతలమ్మ.

సరే చూద్దామని స్పీకరును మళ్ళీ ముందు గదికి తెచ్చాడు. ఆమెను మెల్లగా నడిపించుకొచ్చి, అక్కడ వీధి వైపు తిప్పి కూర్చోబెట్టాడు. వెనక నిలబడి తీగలు మార్చి మార్చి తగిలించాడు. ఏది పాతదో, ఏది కొత్తదో పదిసార్లూ సరిగ్గా చెప్పింది.

ల్యాబుకు వెళ్ళి ఆ సంగతి చెబితే బాలచంద్ర నవ్వలేదు. "నువ్వు ఇంట్లో ఉండొద్దప్పా. ఇంకెవరి సేతనైనా మార్పించి సూడు" అన్నాడు.

సాయంత్రం పక్కింటి మునిలక్ష్మి తీగలు మారుస్తుంటే రాజారత్నం వీధి కొళాయి దగ్గర నిలబడ్డాడు. ఈసారి పదింటిలో నాలుగే కుదిరాయి. లోపలికొచ్చిన అతని మొహం చూసి శకుంతలమ్మే మాట ఎత్తింది.

"తీగ నేనెప్పుడు వింటి? పాతది తగిలిచ్చేటప్పుడు నువ్వు ఊపిరి బిగబట్టినావు. దాన్నిబట్టి సెప్పినాను."

"మరి గొంతు ఎండిపోయిందంటివే?"

"ఈడైతే నువ్వు పక్కన కూసోని వింటా ఉంటివి. ఆ గదిలో నేనొక్కదాన్నే గదా. నాకట్లే వినపడె."

మునిలక్ష్మి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. లోపలికి తీసుకుపోబోతే, ఈ పాట అయ్యేదాకా ఇక్కడే ఉంటానంది శకుంతలమ్మ. అతను ఆమె పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. ఏ తీగ తగిలించి ఉందో ఇద్దరూ చూడలేదు. కొంతసేపటికి ఆమె తల అతని భుజం మీదికి ఒరిగింది. నిద్రపట్టిందేమోనని అతను కదలకుండా కూర్చున్నాడు. క్యాసెట్టు ఒక పక్క అయిపోయి బటను టక్కున పైకి లేచింది.

తిప్పి వేయనా అని అడిగాడు. జవాబు రాలేదు. ఆమె ముక్కు దగ్గర చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ విన్నాడు.

తెల్లారి ఆమెకు ఆఖరి స్నానం చేయిస్తూ మునిలక్ష్మి విప్పిన చెవికమ్మలు రెండూ కిటికీ గూట్లోనే ఉండిపోయాయి. ఒకదాని మరలో నెరిసిన వెంట్రుక చిక్కుకుని ఉంది.