వెనక తలుపు దగ్గర రెండు వేళ్ళు

బడి వదిలాక చెక్కపని క్లబ్బు నడిపే వడ్రంగి తాతకు మాటలు తక్కువ. పిల్లలు పది అడిగితే ఒకటి చెప్పేవాడు, అదీ రంపం ఆపాక. క్లబ్బులో అందరికంటే నోరున్నది చక్రాల కుర్చీలో వచ్చే తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరు చెక్క రుద్దినా దాని మీద అరచెయ్యి వేసి చూసి, "గరుకుంది, మళ్ళీ రుద్దు" అనేది. పిల్లలు ఆమెకు చిన్నమేస్త్రి అని పేరు పెట్టారు.

అన్ని క్లబ్బుల పిల్లల్నీ పడవలు తయారుచేసే చోటుకు తీసుకెళ్తామని ఒకరోజు పెద్ద టీచరు చెప్పింది. అందరూ గంతులేశారు. చిన్నమేస్త్రి మూతి ముడుచుకుంది.

"నేను రాను."

"ఏమే?" అన్నాడు తాత.

"పోయినేడు డ్రైవరు మామయ్య నన్ను మూటలా ఎత్తి బస్సులో పెట్టాడు. అందరూ నవ్వారు. ఈసారి ఎత్తితే రానంటే రాను."

తాత చెవి సందులోంచి పెన్సిలు తీశాడు.

మర్నాడు సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకు చేర్చే బస్సు గేటు ముందు ఆగి ఉంటే, వెనక తలుపు తీయించి నేల ఎంత దిగువన ఉందో కొలిచాడు. లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు.

"కానియ్ బాబాయ్, వీళ్ళు నా చెవులు తినేస్తున్నారు" అని డ్రైవరు తొందర.

తాత రెండుసార్లు కొలిచాడు. ఎప్పుడూ అంతే.

నాలుగు రోజుల్లో పొడుగాటి వాలుబల్ల తయారైంది. రెండు ముక్కలు, కింద గట్టి కాళ్ళు, చక్రం జారకుండా రెండు పక్కలా అంచులు. డ్రైవరు వెనక సీటొకటి ఊడదీసి, ఆ ఖాళీలో కుర్చీని కట్టడానికి బెల్టులు బిగించాడు.

ప్రయాణం రోజు పొద్దున్నే వాలుబల్లను వెనక తలుపుకు ఆనించారు. బస్సు లోపలి నేల బల్ల కొస కంటే రెండు వేళ్ళు ఎత్తులో ఉంది. కుర్చీ ముందరి చిన్న చక్రాలు అక్కడ తన్నుకుని ఆగిపోతాయి.

"తిరగబడితే? నేనొప్పుకోను" అంది పెద్ద టీచరు.

"ఎంతలెండి, నేను అలా..." అంటూ డ్రైవరు రెండు చేతులూ చాచి, పిల్ల చూపు చూసి వెనక్కి తీసుకున్నాడు. "ఎత్తనులే తల్లీ, కళ్ళతోనే కాల్చకు. బాబాయ్, కాళ్ళ కింద చెక్కముక్కలు పెడదామా?"

"ఊగుతాయి" అన్నాడు తాత. మళ్ళీ కొలిచాడు. కాళ్ళ ఎత్తు రాసుకున్న గుర్తుతో సరిపోయింది.

"తప్పు కొలిచావా తాతా?" అంది చిన్నమేస్త్రి మెల్లగా.

యాభై ఏళ్ళలో ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. తాత వంగి బస్సు కిందికి చూశాడు. బస్సును మోసే కమానుకట్టలు బరువు లేక పైకి లేచి ఉన్నాయి. నేను కొలిచింది నిండు బస్సును కదా, అనుకున్నాడు.

"అందరినీ ఎక్కించండి. ఈ పిల్ల చివర" అన్నాడు.

"చివరా? కిటికీ దగ్గరి చోట్లన్నీ అయిపోతాయి!" అంది చిన్నమేస్త్రి.

నలభై మంది ముందు తలుపులోంచి తోసుకుంటూ ఎక్కారు. బస్సు మూలిగి కొంచెం కొంచెంగా కుంగింది. చిన్నమేస్త్రి తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ బల్ల మీదికి వచ్చింది. తాత వెనకే నడిచాడు, ముట్టుకోలేదు. పైకి వచ్చాక ఆమె వంగి, బల్లా బస్సూ కలిసిన చోట అరచెయ్యి పెట్టి చూసింది.

"బాగానే ఉంది" అని లోపలికి వెళ్ళింది. కిటికీ దగ్గర చోటు ఎవరూ ఇవ్వలేదు.

పడవల దగ్గర బస్సు ఆగీ ఆగకముందే పిల్లలు లేచి ముందు తలుపుకేసి పరిగెత్తారు.

"ఆగండి!"

తాత గొంతు అంత పెద్దదని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"మీరు దిగితే బస్సు లేస్తుంది. ముందు ఆ పిల్ల దిగాలి. కూర్చోండి."

నలభై మంది ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. డ్రైవరు పైకప్పు మీంచి వాలుబల్ల దింపాడు. తాత దాన్ని చదును నేల చూసి బిగించాడు. చిన్నమేస్త్రి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చాక చక్రాలు పట్టి ఆపి, ఇంకా రంగు పడని పెద్ద పడవను ఆ కొస నుంచి ఈ కొస దాకా తీరిగ్గా చూసింది.

"త్వరగా దిగవే!" అని లోపల ఒకటే గోల.

"ఎవరో అరుస్తున్నారు తాతా" అంది.

"అరవనీ" అన్నాడు తాత.