పెరటి పొయ్యి, ఇంటి పన్ను

మీరు పోతేనే బీమా ఉంటుంది అంటుందేమిటీ పిల్ల, ఎనభై దాటిన మనిషితో ఫోనులో అనే మాటేనా, నేను పోతే వచ్చేది జీవితబీమా కదమ్మా, నేనడుగుతున్నది ఇంటి బీమా సంగతి అని ఐలీ మర్యాదగానే అంది, అవతల డార్లీన్ అనే ఆ బీమా ఆఫీసు పిల్ల కాస్త ఊపిరి బిగబట్టి, అయ్యో ఐలీ గారూ, మీరు కాదండీ, పొయ్యి, మీ పెరట్లో పొయ్యి, పొయ్యి పోతేనే బీమా అన్నాను అని గట్టిగా విడమరిచింది, చెవిమిషను బల్లమీదే ఉండిపోయింది మరి, పెట్టుకుంటే కూతలు పెడుతుంది, పెట్టుకోకపోతే చావుకబుర్లు వినిపిస్తుంది, సరే, ఆ మాట అప్పుడే తేలిపోయింది, ఇద్దరూ నవ్వుకున్నారు కూడా, అయినా ఇవాళ శనివారం మధ్యాహ్నం, వానలో, కట్టెల పాకలోంచి రెండు చేతుల నిండా ఆల్డర్ కట్టెలు మోసుకుంటూ వాలులో పైకెక్కుతుంటే ఐలీకి తప్పు విన్న మాటే ఎక్కువ నిజంలా తోస్తోంది, మోకాలు ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు తిడుతోంది, ఈ ముసలి కట్టె ఆ తడి కట్టెల్ని మోస్తోంది, రెంట్లో ఏది ముందు పొయ్యిలోకి పోతుందో చూడాలి, కింద కొలంబియా నది వాన రంగులోనే ఉంది, ఓడ ఒకటి కదులుతోందో ఆగిందో తెలియడం లేదు, తన సంగతీ అంతే.

ఇంతకీ గొడవంతా పన్ను దగ్గర మొదలైంది, నోట్లో పన్నులు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకుని వెళ్ళిపోయాయి గాని ఇంటి పన్ను మాత్రం ఏటా నవంబరులో చిగురు చీల్చుకుని మొలుస్తుంది, అదీ ఏడాదికేడాదికీ పెద్దదై, ఈ కొండమీద వీధినిండా సియాటిల్ నుంచి వచ్చినవాళ్ళు కిటికీలోంచి నది కనబడుతుందని ఎంతైనా పెట్టి కొనేస్తుంటే, ఏ పాపమూ ఎరగని ఐలీ ఇల్లు కూడా కాయితాలమీద గొప్పింటి బిడ్డైపోయింది, చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు సాల్మన్ చేపల పొట్టలు చీల్చినందుకొచ్చే పింఛను ఆ పన్ను ముందు చేపపిల్ల, అందుకే మొగుడు ఐనో పోయిన ఏడాది ఆమె పెద్దవాళ్ళ వాయిదాలో చేరింది, అంటే పన్ను రాష్ట్రం కట్టేస్తుంది, ఇంటిమీద బాకీగా రాసుకుంటుంది, ఐలీ ఇల్లమ్మినప్పుడో కన్నుమూసినప్పుడో వడ్డీతో సహా రాబట్టుకుంటుంది, అంతదాకా ఆమె జోలికి రాదు, బదులుగా వాళ్ళు కోరేది, ఆ ఇంట్లో ఆమే కాపురముండాలి, ఇంటికి అగ్నిబీమా ఒక్కరోజు కూడా తప్పిపోకూడదు, అంతే, ఉండమన్నారు, ఉంటోంది, నిప్పంటుకోకుండా చూసుకోమన్నారు, చూసుకుంటోంది, ఇప్పుడు బీమావాళ్ళు నెలాఖరులోగా పెరటి సౌనాలో, అంటే ఆవిరిస్నానపు గదిలో, కట్టెల పొయ్యి పీకెయ్యాలంటున్నారు, పీకకపోతే బీమా ఊడుతుంది, బీమా ఊడితే వాయిదా ఊడుతుంది, వాయిదా ఊడితే ఈ నవంబరు పన్ను ఆమే కట్టాలి, కట్టలేదు, అప్పుడు ఇల్లే ఊడుతుంది, నోట్లో పన్నులు ఊడినప్పుడు ఇంత నొప్పి లేదు.

ఎవరినీ అనడానికి లేదు, చేజేతులా చేసుకున్నది, ఆమధ్య బీమా ఆఫీసు కుర్రాడు ఇంటి కప్పుమీద నాచు చూసిపోదామని వచ్చాడు, నిచ్చెన వేశాడు, దిగాడు, నాచు పరవాలేదు అన్నాడు, వెళ్ళిపోయేవాడే, కానీ అది శనివారం, శనివారంనాడు గుమ్మంలోకి వచ్చిన మనిషిని సౌనాకి రమ్మని పిలవకుండా పంపితే ఫిన్లాండు నుంచి వచ్చిన ఫిన్నుల ఇంట్లో పుట్టినందుకు అర్థమేముంది, ఐలీ అమ్మ అయితే పోస్టుమ్యాన్‌ని కూడా వదిలేది కాదు, తడిసి వచ్చావు నాయనా, వేడిచేసి ఉంచాను, తువ్వాలు ఇస్తాను, కాసేపు కూర్చుని పో అంది, అతను బిత్తరపోయి, అంటే ఏమిటండీ అన్నాడు, అంతే, ఆమె అతన్ని చెయ్యి పట్టుకున్నంత పని చేసి పెరట్లోకి నడిపించి, తలుపు తీసి, ఇదిగో పొయ్యి, మా మామగారు ఓడ బాయిలరు రేకుతో చేయించింది, ఇదిగో గోడ, చెయ్యి పెట్టి చూడు ఎంత వేడో అని మురిసిపోతూ చూపించింది, అతను చెయ్యి పెట్టాడు, నిజంగానే వేడిగా ఉంది, చెక్క గోడ కదా, ఫోటో తీసుకున్నాడు, ముచ్చటపడి తీసుకుంటున్నాడనుకుని ఐలీ జుట్టు సవరించుకుని పక్కన నిలబడింది కూడా, ఆ ఫోటోలో ఆమె నవ్వుతూనే ఉంటుంది, ఎవరి ఫైల్లోనో.

తలుపు మూల మోపు దింపి కింది బల్లమీద కూలబడింది, అగ్గిపుల్ల గీయడానికి చేతులు రావడం లేదు, అలసట చేతుల్లో లేదు, ఇంకెక్కడో ఉంది, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని సానా అంటారు, కత్తులు నూరుకునే చోటులాగ, అదీ అబద్ధం కాదులే, శనివారం శనివారం నేస్తం హెల్మీ తన నాలుకని పదును పెట్టుకునేది ఇక్కడే, వయసులో ఇది ఇంటికంటే పెద్దది, మామగారు ముందు సౌనా కట్టి, మొదటి చలికాలమంతా అందులోనే కాపురం చేసి, తర్వాతే ఇల్లు మొదలెట్టారు, ఐనో పుట్టింది ఈ కింది బల్లమీదే, అత్తగారు ఆ మాట చెప్పినప్పుడల్లా బల్లని అరచేత్తో తట్టేది, పోయాక ఐనోకి స్నానం చేయించిందీ ఇక్కడే, వాళ్ళ పద్ధతి అది, మార్చురీ బండి రావడానికి వేళ పడుతుందన్నారు, హెల్మీ తల పట్టుకుంది, ఐలీ గోరువెచ్చని నీళ్ళు పోసింది, చెవుల వెనక మరిచిపోకు, ఎప్పుడూ సబ్బు కడుక్కోడు వెధవ అని హెల్మీ ఏడుస్తూనే గదిమింది, వచ్చిన చోటునుంచే వెళ్ళాడు మనిషి, అలాంటి చోటునుంచి పొయ్యి పీకాలంటే, సోమవారం వస్తానన్నాడు ఆర్విడ్, ఐనో అక్క కొడుకు, పడవలు బాగుచేసే చేతులు, ఓ గంట పని అత్తా అన్నాడు, కరెంటుది పెట్టించుకో, బీమావాళ్ళు దానికి ఒప్పుకుంటారు అని కూడా అన్నాడు, హెల్మీ వింటే ఏమంటుందో ఐలీకి వినబడుతూనే ఉంది, చెవిమిషను లేకుండానే వినబడుతోంది, కరెంటు సౌనాలో కూర్చోడానికి నేనేమన్నా రొట్టెముక్కనా.

పన్ను భయం కాదు, ఇల్లు భయం కూడా కాదు, నిజం చెప్పుకుంటే హెల్మీ భయం, హెల్మీకి ఈ వేడే ప్రాణం, నడుము నిలబడుతున్నది ఇందువల్లే అని ఎన్నేళ్ళుగా అంటోంది, వాళ్ళ సౌనా ఏనాడో కూలిపోయింది, కొండ వాలులో మూడిళ్ళవతల నుంచి కర్ర పొడుచుకుంటూ వస్తుంది, వానైనా గాలైనా, ఆమె వస్తుంది కదా అని ఐలీ కట్టెలు మోస్తుంది, నీళ్ళు తోడుతుంది, పొయ్యి ముట్టించి మూడుసార్లు మేపుతుంది, ఆదివారమంతా మంచం దిగదు, సిగ్నే సంగతి సరే సరి, పక్కింటి నార్వే పిల్ల, అరవై అయిదేళ్ళ పిల్ల, ఫిన్నుల మధ్య నార్వే మనిషి ఒంటరిగా ఉంటుంది పాపం, శనివారమైనా నలుగురితో కూర్చుంటుంది, వీళ్ళిద్దరికీ తలుపు మూసేసి, నాకు నా ఇల్లు ముఖ్యమమ్మా అని ఎలా చెప్పడం, అనుకుంటూనే పుల్ల గీసింది, ఆల్డర్ బెరడు అంటుకుంది, తడికట్టె చిటచిటమంది, ఆఖరుసారి కదా, బాగా మండు తల్లీ, నీ పుణ్యముంటుంది.

వచ్చారు, తువ్వాళ్ళు భుజాన వేసుకుని, హెల్మీ గుమ్మంలోనే, ఏమే, మొహం అలా ఉప్పుచేపలా ఉందేమిటి, ఎవరు పోయారు అంది, ఎవరూ పోలేదు, ముందు కూర్చో అంది ఐలీ, హెల్మీ ఎప్పటిలాగే తలుపు పక్క కింది బల్లమీద, సిగ్నే మధ్యలో, ఐలీ పొయ్యి పక్క, పొయ్యిపైన కాగిన రాళ్ళమీద దోసెడు నీళ్ళు పోస్తే ఆవిరి పైకి లేచి ముగ్గురి మొహాలూ మాయమయ్యాయి, మొహాలు కనబడనప్పుడే చెప్పెయ్యాలి అనిపించింది, చెప్పేసింది, బీమా, వాయిదా, పొయ్యి, సోమవారం ఆర్విడ్, ఆఖరికి కుర్రాణ్ణి తనే పిలిచి చూపించిన సంగతి కూడా, అదొక్కటీ దాచుకుందామనుకుంది, అదీ ఆవిరితో పాటు బయటికొచ్చేసింది, కట్టె ఒకటి కూలింది, హెల్మీ ఏడుస్తోందేమో, ఏడుపా చెమటా తెలియదు, తర్వాత ఆ పొగమంచులోంచి హెల్మీ గొంతు, దేవుడున్నాడే ఐలీ, మూడేళ్ళైంది గుండె డాక్టరు నన్ను ఈ వేడి దగ్గరికి పోవద్దని చెప్పి.

ఏమిటే అంది ఐలీ, చెవిమిషను తీసేసి ఉంది కనుక తప్పు విన్నానేమో అనుకుంది, తప్పు వినలేదు, హెల్మీ ఇంకా గట్టిగా, తలుపు పక్కనే ఎందుకు కూర్చుంటున్నాననుకున్నావే మొద్దూ, సందులోంచి గాలి తగులుతుందని, ఐనో పోయాక నువ్వొక్కదానివే ఈ గదిలో ఆ బల్లకేసి చూస్తూ కూర్చుంటావని కదా చచ్చీ చెడీ వస్తున్నాను, నీకిది ప్రాణం కదా అంది, నాకు ప్రాణమా, నా మోకాళ్ళు చూశావా, నీ నడుముకోసం కదే మోస్తున్నాను కట్టెలన్నీ అంది ఐలీ, నా నడుమా, నా నడుము ఆస్పిరిన్‌తో నిలబడుతోంది, నీ మనసు కష్టపెట్టకూడదని అన్న మాటనే పట్టుకున్నావా అంది హెల్మీ, మధ్యలో సిగ్నే మెల్లిగా, నాకసలు ఊపిరాడదండీ ఇందులో, మీ వాళ్ళు సౌనాకి పిలిస్తే కాదనకూడదట కదా, అవమానమట కదా, మా ఆయన ఉన్నప్పుడు చెప్పాడు, పదకొండేళ్ళ నుంచీ ఓర్చుకుంటున్నాను అంది, హెల్మీ, చూశావా, పదకొండేళ్ళు ఉడికినా నార్వే చేప మెత్తబడలేదు అంది, ముగ్గురికీ నవ్వు వచ్చింది, నవ్వితే వేడిగాలి గొంతులో పడి దగ్గొచ్చింది, హెల్మీ కాలితో తలుపు తన్ని బార్లా తెరిచింది, వాన చల్లదనం లోపలికి వచ్చి ముగ్గురి మోకాళ్ళమీదా కూర్చుంది.

అదే వేళకి ఆర్విడ్ పెరట్లోకి వచ్చాడు, పడవ పని త్వరగా అయిపోయిందట, పొగగొట్టం కొలతలు తీసుకుపోదామని వచ్చాడట, తెరిచిన తలుపులో తువ్వాళ్ళు చూసి గిరుక్కున వెనక్కి తిరిగి, ఆల్డర్ చెట్టుతో మాట్లాడుతున్నట్టు నిలబడి, ఏమైంది, ఎవరికన్నా కళ్ళు తిరిగాయా అని అరిచాడు, ముగ్గురూ ఒకేసారి చెప్పబోయారు, మళ్ళీ ఒక్కొక్కరే వంతులవారీగా చెప్పారు, ఐలీ హెల్మీకోసం, హెల్మీ ఐలీకోసం, సిగ్నే ఇద్దరికోసం, ఎవరికీ అక్కర్లేని వేడి అందరూ కలిసి కాచుకున్నారని, ఆర్విడ్ అటు తిరిగే, మరి ఏటా ఆగస్టు నెలంతా నేను ఎవరికోసం చీలుస్తున్నాను ఈ కట్టెలు అని చెట్టునే అడిగాడు, హెల్మీ, మా కోసం కాదు నాయనా, నీ బొజ్జ తగ్గడానికి అంది, మరి సోమవారం పీకమంటారా వద్దా, తేల్చి చెప్పండి అన్నాడు, పీకెయ్ అంది ఐలీ, అంత తేలిగ్గా వచ్చింది మాట, నోరు తనదేనా అని తడుముకుంది, పీకెయ్, గొట్టం కన్నం మూసెయ్, ఫోటో తీసి డార్లీన్‌కి పంపు, బల్లలు మాత్రం ముట్టుకోకు, మేం శనివారం వచ్చి కూర్చుంటాం, కాఫీ తెచ్చుకుంటాం, చలేస్తే కోట్లు వేసుకుంటాం.

అయిపోయింది, బీమా ఉంటుంది, వాయిదా ఉంటుంది, ఇల్లుంటుంది, తను ఉంటుంది, హాయిగా ఉండాలి కదా, ఏదో ఒకటి ఇంకా గుచ్చుకుంటోంది, వాళ్ళిద్దరూ ఆర్విడ్ వీపుని ఆటపట్టిస్తున్నారు, ఐలీ చూపు పై బల్ల మూలకి పోయింది, ఐనో కూర్చునే మూల, చెక్క అక్కడ నున్నగా నల్లబడి ఉంటుంది, ఆఖరు ఏడాది అతను మోపు దింపి ఆ తలుపు పట్టుకుని రొప్పుతూ, నీకిది బాగుంటుంది కదా ఐలీ అని అడిగాడు, అడగడం అదొక్కసారే, అదేం ప్రశ్న, లేకపోతే ఎలా అంది తను, అతను మోస్తున్నాడు కదా, బాగులేదంటే ఏం బాగుంటుందని అంది, అతను తలూపి మళ్ళీ కట్టెలకి వెళ్ళాడు, ఆ తల ఊపడం ఇప్పుడు చూస్తోంది, ఇన్నాళ్ళూ చూసిందే, ఇప్పుడు తెలిసింది, అతనూ అంతే, అతనూ ఆమె కోసమే మోశాడు, ఇద్దరికిద్దరూ ఒకరి కోసం ఒకరు ఉడికారు, ఒక్కమాట అనుకుంటే అతను ఆ చలికాలం కట్టెలు మొయ్యకుండా కూర్చుని ఉండేవాడు, పొయ్యిలో మంట తగ్గుతోంది, ఇంకో కట్టె వెయ్యవేమే అని ఎవరూ అనలేదు, ఆమె కూడా లేవలేదు, అందరికీ చెప్పాం కదా, ఇంకొక్కడు మిగిలాడు, నున్నటి ఆ మూలకేసి తిరిగి, పెదవులు కదపకుండా, అతనొక్కడికే వినబడేటంత నెమ్మదిగా, అతనికీ చెప్పింది, నాకక్కర్లేదు ఐనో, ఎప్పుడూ అక్కర్లేదు, నువ్వు కూర్చుంటే చాలు.