అమెర్లే ఊపిరితిత్తిలో ఖాళీ

డాక్టర్ మావుసికి ఆసుపత్రిలో ఇంకో పేరుంది, డాక్టర్ బహుశా అని. పెట్టినవాడు కాన్పుల వార్డు పెద్ద, డాక్టర్ అడోమాకో. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డం పడిందేమో చూసి చెప్పమని అక్రా నలుమూలల నుంచీ మనుషులను ఆమె దగ్గరికే పంపుతారు. ఆమె తెర ముందు కూర్చుని, కళ్ళజోడు పైకీ కిందికీ సర్దుకుని, తీరిగ్గా చూసి, "గడ్డ ఉండే అవకాశం తక్కువ" అనో, "ఇదమిత్థంగా చెప్పలేం" అనో రాసి పంపుతుంది. అవతల సూది పట్టుకుని నిలబడ్డవాడికి అది చదివితే ఒళ్ళు మండదా? మండుతుంది.

కానీ తప్పు ఆమెది కాదు, ఆ బొమ్మలదే. ఎముక విరిగితే ఎక్స్‌రేలో విరిగినట్టే కనిపిస్తుంది. ఇక్కడ కనిపించేది ఒంట్లోకి వెళ్ళిన మందు చిమ్మే చుక్కల వెలుగు. మొదట పీల్చిన మందు గాలి ఎందాకా వెళ్ళిందో చూపిస్తుంది, తర్వాత నరంలోకి ఎక్కించిన మందు రక్తం ఎందాకా వెళ్ళిందో చూపిస్తుంది. గాలి వెళ్ళి రక్తం వెళ్ళని చోటుంటే గడ్డని అనుమానించాలి. రెండూ వెళ్ళకపోతే అది వేరే గొడవ. వినడానికి ఇంత తేలిక. తెర మీద చూస్తే మాత్రం సగం బొమ్మలు తేల్చీ తేల్చనట్టే ఉంటాయి.

ఆ ఉదయం అడోమాకో ఫోను చేశాడు.

"మావుసీ, ఇవాళ నాకు నీ బహుశాలు వద్దు."

"ఏమైంది పొద్దున్నే?"

"బాలింత. అమెర్లే అని, చేపలు కాల్చే వాళ్ళ కోడలు. ఆపరేషన్ కాన్పు. మర్నాడే రక్తం పోయి చేతుల్లోంచి జారిపోబోయింది, ఎక్కించి నిలబెట్టాం. ఇప్పుడేమో ఊపిరాడటం లేదంటోంది, పక్కలో పోటంటోంది. గడ్డే అయితే రక్తం పలచబడే మందు ఇవ్వాలి. ఇస్తే లోపల మళ్ళీ రక్తం పోవచ్చు. ఇవ్వకుండా ఊరుకుంటే, నిజంగా గడ్డే ఉంటే, ఇంక నేను చేసేది ఏమీ ఉండదు."

"సీటీ తీయకూడదా?"

"కిడ్నీలు ఇంకా తేరుకోలేదు. ఆ రంగుమందు పడదు. నువ్వే దిక్కు. ఉందో లేదో, ఒక్క మాట."

"ఉన్నదే చెబుతాను. లేని ధైర్యం తెచ్చి చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు."

"అందుకేగా నీకు ఆ పేరు పెట్టింది," అని ఆయన ఫోను పెట్టేశాడు.

అమెర్లేని చక్రాల కుర్చీలో తెచ్చారు. పాతికేళ్ళు ఉండవు. కుట్ల మీద ఒక చెయ్యి అదిమిపెట్టుకుని, గొంతు దాటని ఊపిరి తీస్తోంది. వెంట ఆమె అత్త, ఆవో కోర్కోయ్. పొగకి కళ్ళు ఎర్రబడ్డ మనిషి, ఒడ్డున నిలబడి పడవతో మాట్లాడే గొంతు. బిడ్డను ఆడపడుచు చేతికి అప్పగించి వచ్చారు.

"డాక్టరమ్మా, రేపు తెల్లవారుజామున మా మనవడిని బయటికి తెచ్చి పేరు పెట్టాలి," అంది ఆవో గుమ్మంలోనే. "ఎనిమిదో రోజు. ఇన్నాళ్ళూ వాడు మా ఇంటికొచ్చిన చుట్టం, రేపటి నుంచి మావాడు. మొక్కజొన్న కల్లు కాచాం, జనాన్ని పిలిచాం. తల్లి లేకుండా పిల్లాడిని ఎవరి చేతికివ్వమంటావు?"

"ముందు చూడనివ్వండి అమ్మా."

"చూడు తల్లీ, చూడు. నీ చేతిలో పెట్టాను. బతికి ఇంటికొస్తే చాలు నాకు. కల్లుదేముంది, పులిస్తే పులుస్తుంది."

ఆ మాటంటూ ఆమె కోడలి తల నిమిరింది.

కెమెరా నడిపే ఎబో అలవాటు ప్రకారం అమెర్లే చెవిపోగులు, మెడలో గొలుసు, పిన్నీసులు అన్నీ తీయించాడు. లోహం ఉంటే బొమ్మ చెడుతుంది. తర్వాత ఆమె ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టబోయాడు.

"ఊపిరాడటం లేదని వస్తే ముక్కు మూస్తారేంటి?" అంది అమెర్లే.

"నోరుందిగా అక్కా. ఇప్పుడు మాట్లాడుతున్నావు చూడు, దాంతోనే."

ఆ బొమ్మలు బాగానే వచ్చాయి. గాలి రెండు వైపులా నిండుగా వెళ్ళింది. అడుగు భాగంలో మాత్రం కాస్త పలచగా ఉంది, కుట్లు లాగుతాయని పైపైన పీలుస్తోంది కదా. మావుసి తన గదిలో వాటిని చూస్తుండగా అవతల కెమెరా గదిలో చిన్న తంటా వచ్చింది. అమెర్లేకి పాలు పొంగి గౌను తడిసిపోయింది. ఎబో బయటికి వెళ్ళి ఆవోని పిలిచాడు. ఆమె కోడలికి పొడి గౌను తొడిగి, రొమ్ముల మీద మడత గుడ్డలు సర్ది వెళ్ళింది. అప్పుడు ఎబో బల్ల మీద సిద్ధంగా ఉన్న సూదిమందు తీసి, పడుకోబెట్టి, మెల్లగా ఎక్కించి, రెండో విడత బొమ్మలు తీశాడు.

మొదటి బొమ్మ తెర మీదికి రాగానే మావుసి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కుడి ఊపిరితిత్తి నడుమ పెద్ద ఖాళీ. గాలి వెళ్ళిన చోట రక్తం లేదు. చదువుకునేప్పుడు పుస్తకంలో చూపించే గడ్డ కూడా ఇంత స్పష్టంగా ఉండదు.

ఫోను మోగింది. "మందు సిద్ధంగా ఉంది," అన్నాడు అడోమాకో. "ఏమంటావు?"

"ఆగండి."

"మళ్ళీ బహుశానా?"

"దానికి కూడా ఇంకా రాలేదు. చూస్తున్నాను."

"చూస్తూ ఉండు, నేనిక్కడ ముసలాణ్ణయిపోతాను," అని ఆయన పెట్టేశాడు. కోపంగా కాదు, భయంగా.

ఉంది అని రాసేయవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. మావుసి వేలు మీట మీదికి వెళ్ళింది కూడా. కానీ ఏదో నచ్చలేదు. వెనక నుంచి తీసిన బొమ్మలో ఖాళీ లేదు. అదొక్కటే చూసి గడ్డ లేదనడానికి వీల్లేదు, ఊపిరితిత్తిలో నడిమి భాగం ముందుకే ఉంటుంది కాబట్టి వెనక నుంచి కనిపించకపోవచ్చు. పక్క నుంచి చూస్తే తేలేది, సరిగ్గా ఆ బొమ్మ తీస్తుండగా అమెర్లే దగ్గి కదిలిపోయింది.

ఆమె ముందు బొమ్మనే మళ్ళీ పెద్దది చేసి చూసింది. అప్పుడు తట్టింది. నడిమి భాగానికి రక్తం వెళ్ళకపోతే పోనీ, దాని వెనకున్న భాగం వెలుగుతోంది కదా. ఆ వెలుగు కొంతైనా ముందుకి రావాలి. పలచటి పరదా వెనక దీపంలాగా మసగ్గానైనా కనిపించాలి. ఇక్కడ ఖాళీ పూర్తిగా నల్లగా ఉంది. వెనక వెలుగు కూడా దాటి రాలేదు. రక్తం గడ్డ రక్తాన్ని ఆపుతుంది గానీ వెలుగును ఆపలేదు. ఆపేది ఇంకేదో ఉంది, అది ఊపిరితిత్తిలో కాదు, దాని ముందు ఉంది.

మావుసి కుర్చీ తోసేసి కెమెరా గదిలోకి దాదాపు పరుగెత్తింది.

"ఎబో, ఈమె ఒంటి మీద ఏముంది?"

"ఏమీ లేదు మేడమ్. అన్నీ నా చేత్తో ట్రేలో పెట్టాను."

"అమెర్లే, గౌను లోపల ఏమైనా ఉందా?"

అమెర్లే కళ్ళు తలుపు వైపు తిప్పింది. తలుపు సందులోంచి ఆవో కోర్కోయ్ తొంగి చూస్తోంది. దాక్కుందామనుకుంది గానీ, ఆ ఒళ్ళు దాగే తలుపు కాదది.

"లోపలికి రండి పెద్దమ్మా," అంది మావుసి.

ఆవో వచ్చింది. తప్పు చేసిన మొహం కాదు, పంచాయితీకి వచ్చిన మొహం. కోడలి కుడి రొమ్ము మీద మడత గుడ్డ కింద చెయ్యి పెట్టి, ఎర్ర గుడ్డ మూట ఒకటి తీసింది. విప్పితే, వల అడుగున కట్టే సీసం బిళ్ళలు, తాడుకి గుచ్చినవి, అరచేతి నిండా.

"ఇదేంటి?" అన్నాడు ఎబో, నోరు తెరిచి.

"కనిపించట్లా? సీసం. మా వాడి వలలోంచి కోసుకొచ్చాను. దీనికి ఊపిరి పైపైనే తేలిపోతోంది, కిందికి దిగటం లేదు. తేలే వలకి ఏం కడతాం మరి?"

"నేను అన్నీ తీయమన్నాను కదా అమ్మా."

"తీయమన్నావు, తీశాం. తర్వాత నువ్వేం చేశావు? ఆ బల్ల మీద సూదికి తొడిగి పెట్టావే, అదేంటి? నలభై ఏళ్ళుగా వలలు చూస్తున్నాను, సీసం నాకు తెలియదా? ఓహో, వీళ్ళూ సీసంతోనే వైద్యం చేస్తున్నారు, కాస్త తక్కువ వేస్తున్నారు పాపం అనుకున్నాను."

ఎబో గోడకి తిరిగి భుజాలు అదిరేలా నవ్వాడు. మావుసి నవ్వు ఆపుకుంది.

"పెద్దమ్మా, ఆ మందు వెలుగు మా మీద పడకూడదని సూదికి సీసం తొడుగుతాం. సీసాన్ని అది దాటలేదు. మీరు సరిగ్గా కెమెరాకీ కోడలికీ మధ్య గోడ కట్టారు."

ఆవో సీసం మూటని చటుక్కున బల్ల మీద పెట్టేసింది. "అయితే చెడగొట్టానా? దానికేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు. మందు ఇంకా ఊపిరితిత్తుల్లోనే ఉంది, మళ్ళీ పొడవక్కర్లేదు. బొమ్మ ఒక్కటి మళ్ళీ తీస్తే సరి. మీరు ఆ కుర్చీలో కూర్చోండి, చేతులు నాకు కనపడేట్టు ఒళ్ళో పెట్టుకోండి."

ఈసారి మావుసి తన గదికి వెళ్ళలేదు. కెమెరా పక్కనే చిన్న తెర ముందు నిలబడింది. చుక్కలు ఒక్కటొక్కటే రాలడం మొదలైంది. కుడివైపు పైన నిండింది. అడుగున నిండింది. నడుమ ఇంకా పలచగా ఉంది. ఆమె తెరకి ఇంకా దగ్గరగా వంగింది. తను అనుకున్నది తప్పయితే? సీసమూ ఉండి, దాని వెనక గడ్డా ఉంటే? చుక్కలు రాలుతూనే ఉన్నాయి, నడుమ కూడా, ముసురు పట్టిన వానలా తెరిపి లేకుండా. కాసేపటికి అక్కడ ఖాళీ అన్నది లేదు. పక్క నుంచీ, ఏటవాలుగానూ తీయించింది. ఎక్కడా లేదు. రెండు ఊపిరితిత్తులూ నిండుగా వెలుగుతున్నాయి.

ఆమె ఫోను తీసింది. "గడ్డ లేదు," అంది.

"లేదంటే, లేదనేనా?"

"లేదంటే లేదు. ఆ మందు తీసి పక్కన పెట్టేయండి. కుట్లకి భయపడి పైపైన పీలుస్తోంది, దాంతో అడుగు భాగం ముడుచుకుంది. ఆ పోటు కూడా దానిదే. లేపి నడిపించండి, గట్టిగా ఊపిరి తీయించండి. సాయంత్రానికి మీకు నచ్చితే ఇంటికి పంపండి."

"నీ నోట ఇంత తిన్నగా ఒక మాట వినడానికి ఎన్నేళ్ళు పట్టింది నాకు," అన్నాడు అడోమాకో.

అమెర్లే ఏడ్చింది. ఎబో సీసం బిళ్ళలు గలగలలాడిస్తూ గదిలో రెండు చిందులు వేశాడు. మందు పాలలోకి దిగుతుంది గనక రాత్రి దాకా బిడ్డకి చనుపాలు ఇవ్వకూడదని, పిండి పారబోయాలని మావుసి చెబుతుంటే ఆవో బుద్ధిగా తలూపింది. అంతా విని, అప్పుడడిగింది.

"ముందు గడ్డలాగా కనిపించిందన్నావు."

"అవును."

"సీసం పెట్టాక కనిపించింది. సీసం తీస్తే పోయింది."

"అవును, కానీ పెద్దమ్మా..."

"మరి దాన్ని లాగేసింది ఎవరు?"

మావుసి ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది.

"పిల్లాడికి మా మేడమ్ పేరేమన్నా కలపండి ఆవో," అన్నాడు ఎబో.

"కుదరదు. మా ఇంటి పేర్ల వరస తాతల నాటిది, వాడు పుట్టకముందే వాడి పేరు ఖాయం. కావాలంటే భోజనం పెడతాను. రేపు చీకటితోనే రండి, ఇద్దరూ."

వెళ్ళారు. చేపల పొయ్యిలన్నీ ఆ ఉదయానికి చల్లగా ఉన్నాయి. ఇంకా చీకటి విడలేదు, సముద్రం చప్పుడు మాత్రం దగ్గరగా ఉంది. చుట్టాలందరూ తెల్లబట్టల్లో ముంగిట నిలబడ్డారు. అమెర్లే గుమ్మం దగ్గర దిండు వేసిన బల్ల మీద కూర్చుంది. మేనత్త బిడ్డను బయటికి తెచ్చి, ఆకాశానికి చూపించి, చూరు కింద కటిక నేల మీద పడుకోబెట్టింది. ఒక పెద్దాయన రేకుల మీదికి నీళ్ళు చిమ్మాడు. చినుకులు జారి వాడి పొట్ట మీద పడ్డాయి. వాడు అరక్షణం ఆలోచించి, వీధి చివరి దాకా వినిపించేలా అందుకున్నాడు.

"అబ్బో," అంది ఆవో. "మీ నాన్న వలలో సీసం పోయిన రోజు కూడా ఇంత గోల చేయలేదురా. మా వాడికి చెప్పకండి, కోసింది నేనేనని."

కల్లు గిన్నె పట్టుకున్న అమెర్లే మొగుడు తల్లి వైపు గిరుక్కున తిరిగాడు. అమెర్లేకి నవ్వొచ్చింది. మొదట పెదాలతోనే నవ్వింది, కుట్ల మీద చెయ్యి వేసుకుని జాగ్రత్తగా. తర్వాత మొగుడి మొహం చూసి ఇక ఆగలేదు. కడుపు అడుగు నుంచి వచ్చింది ఆ నవ్వు. కుట్లు లాగుతున్నాయని మొత్తుకుంటూనే నవ్వింది. ఇన్నేళ్ళుగా ఊపిరితిత్తులను చుక్కలుగానే చూసిన మావుసి, జనం మధ్య నిలబడి, కళ్ళు తుడుచుకోకుండా ఆ చప్పుడు వింది. అమెర్లే నవ్వి నవ్వి ఆగి, గుండెల నిండా గాలి తీసుకుని, మళ్ళీ నవ్వింది.