గాదెలో బొగ్గుగీత

మా వీధి సంఘానికి బ్యాంకు ఖాతా లేదు. నిల్వంతా మా ఇంటి వెనకగదిలో ఉన్న గాదెడు జొన్నలే. మడకశిరలో సంఘం పెట్టిన ఏడాది ఇంటికింత అని పోగుచేసి, మట్టం తెలియడానికి లోపల బొగ్గుతో గీత గీశాం. వాన పూర్తిగా తప్పితేనే తీయాలన్నది నియమం. ఏడేళ్లు అరకొరగానైనా పడింది. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో తప్పింది.

పక్కింటి మారెక్క మూటలు కట్టుకుని వచ్చింది. "గింజలిస్తే ఉంటాం అయ్యవారూ. లేకుంటే పిల్లోళ్లను ఎత్తుకొని సాయంత్రం బస్సుకు తుమకూరు దిక్కు కూలికి పోతాం."

సంఘం కార్యదర్శి ఆంజినప్ప పెదవి విరిచాడు. "ఏమి గింజలప్పా! ఏడేండ్ల జొన్నలు. పురుగులు పిండి చేసింటాయి."

నాకూ అదే భయం. మట్టి మెత్తిన పలక తీసి లాంతరు వంచాను. జొన్నలు తెల్లగా మెరిశాయి. పైన పరిచిన వేపాకు ఇంకా పొడి కాలేదు. అంతకంటే వింత, బొగ్గుగీత కనిపించలేదు. జొన్నలు దాన్ని దాటి పైకి ఉన్నాయి.

"దొంగలు ఎత్తుకుపోతారు గానీ పోసిపోతారా?" అన్నాను.

మారెక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మేమే అయ్యవారూ, వీధిలో ఆడోళ్లం. పంటకు ముందు ఇండ్లలో గింజలుండవు కదా. కదిరమ్మక్క ఇస్తాండె. పంట రాగానే కొత్తవి పోస్తాంటిమి."

కదిరమ్మ నా భార్య. పోయి రెండేళ్లు.

"మరి ఆమె పోయినాక?"

"మీరు బడికి పోయినాక వస్తాంటిమి. తాళంచెవి కిటికీ పైన పెడతారని వీధికంతా తెలుసు."

కొన్ని సాయంత్రాలు నేను వచ్చేసరికి వాకిలి ఊడ్చి ఉండేది, కుండలో నీళ్లు నిండి ఉండేవి. ఎవరని అడగాలనుకునేవాణ్ణి. ఎందుకో అడగలేదు.

ఆంజినప్ప మండిపడ్డాడు. "నియమం ఉండాదా లేదా? ఇది దొంగతనం కాదా?"

"దొంగతనమైతే గింజలు గీత పైకెట్లొచ్చినాయి అన్నా?" అంది మారెక్క.

"వడ్డీనా?" అడిగాను.

"వడ్డీ ఏంది! అక్క శేరు పొర్లేటట్టు కొలిచి ఇస్తాండె. మేం తక్కువ పోస్తామా?"

"మరి ఈసారి ఎందుకు అడిగినావు?"

ఆమె నవ్వు ఆగింది. "ఈ తూరి పంట లేదు. తిరిగి పోస్తామని చెప్పలేం. అడగకుండా ఎట్ల తీసుకునేది?"

ఆంజినప్ప గాదెలోకి వంగి పిడికెడు గింజలు తీసి చూశాడు. తర్వాత తనే శేరు అందుకుని నింపి, పైన చేత్తో చదును చేయబోయాడు.

"పొర్లనీ అన్నా," అంది మారెక్క.

సాయంత్రం బస్సు వెళ్లేవేళకు పక్కింట్లో పొయ్యి రాజుకుంది. నేను గాదె పలక మూసి, మట్టి మెత్తి, తాళంచెవి కిటికీ పైనే పెట్టాను.