ఏకాహం రోజు పోయినవాడు

కూర్మయ్యను పలాస ఆసుపత్రి నుంచి ఆటోలో ఇంటికి తెచ్చిన సాయంత్రమే ఊళ్ళో ఏకాహం మొదలైంది. కొత్తగా కట్టిన రామాలయంలో ఆ దీపాల వేళ నుంచి మర్నాటి దీపాల వేళ దాకా రామనామం తెగకూడదు. భజన జట్లు వంతులేసుకుని పాడాలి. మందస నుంచి ఒక జట్టు, సోంపేట నుంచి ఇంకో జట్టు వచ్చాయి. కొబ్బరిచెట్లకు కట్టిన మైకులు ఊరిని నిద్రపోనివ్వలేదు.

కూర్మయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు, ఏ ఇంట్లో ఎవరికని మాత్రం అడుగుతారు. డయాలసిస్‌ని ఇంక ఒళ్ళు తట్టుకోదు, తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. తెల్లారాక ఆయన భార్య జగదాంబను దగ్గరకు పిలిచి ఒక్కటే అడిగాడు.

"పైడిరాజుని పిలు. మన జట్టోలని రమ్మను. నా మంచం కాడ కూకుని కూసింతసేపు నామం సెప్పమను."

గొంతెమ్మ కోరికేమీ కాదు. మీసాలు రాని వయసు నుంచి ఆయన నలుగురికీ చేసిన పనే అది. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా తాళాలు పట్టుకుని కూర్మయ్య, వెనకాలే మద్దెలతో పైడిరాజు వెళ్ళేవారు. కొత్తగా భజనలో చేరినవాళ్ళకు కూర్మయ్య పాటకంటే ముందు ఒక కథ చెప్పేవాడు. తాతల కాలంలో ఊరిమీద గత్తర పడిందట. జబ్బుమనిషి దగ్గరకు పోవడానికి కన్నవాళ్ళే జంకేవారట. పూండి వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం ఇంటింటి అరుగు మీదా కూర్చుని, లోపల పోతున్న మనిషికి వినపడేలా రామా, రామా అని గొంతెత్తేవాడట. ఒకనాడు పక్కింటివాడు గొంతు కలిపాడు. ఇంకొకడు చప్పట్లు కలిపాడు. ఈ ఊళ్ళో భజన అలా పుట్టింది.

"దేవుడికి సెవుడేటి, మనం అరవడానికి? పోయేవోడికి ఒంటిగా పోతన్నానన్న బెంగుండకూడదని అరుత్తాం" అనేవాడు కూర్మయ్య. శాస్త్రాల్లో ఏం రాశారో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న యావా లేదు.

జగదాంబ గుడికి పరిగెత్తింది. వంతు మందస వాళ్ళది కావడంతో పైడిరాజు పందిట్లో ఊరికే కూర్చుని ఉన్నాడు. మాట వినగానే మద్దెల పక్కన పెట్టి లేచాడు. లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. ఎదురుగా యువరాజు ఉన్నాడు. గుడి కమిటీ పెద్ద, ఊళ్ళో సగం జీడితోటలకు ఆసామి, వచ్చే ఎన్నికల మీద కన్నేసినవాడు. దేవుడికంటే ముందు ఆయనకు దండం పెట్టుకోవాలి మరి.

సంగతి విని యువరాజు నెమ్మదిగానే మాట్లాడాడు. "నానొద్దంటానేటి అత్తా? గానీ ఈలు అక్కడున్నప్పుడే మావకి ఏటైనా అయిపోతే? మైల గదా. మల్లీ గుడి మెట్టెక్కలేరు. మనూరి వంతు ఎవులు పాడతారు? సాయంత్రం దాకా సూడండి."

"సాయంత్రం దాకా ఆయనుండాల గదా, బాబూ."

"మైకులెట్టేం. నామం మీ ఇంటి కాడికి ఇనపడతంది. మరింకేటి గావాల?"

జగదాంబ పైడిరాజు వంక చూసింది. అతని తండ్రి పోయే రోజున జోరువానలో తడుస్తూ వెళ్ళి, ఆఖరి ఊపిరి దాకా పాడింది కూర్మయ్యే. అది ఇద్దరికీ గుర్తుంది.

"దీపాలేలకి ఒచ్చేత్తాను, వొదినా" అని నీళ్ళు నమిలాడు పైడిరాజు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మనసు చల్లార్చుకునేది.

ఇంటికొచ్చేసరికి కూర్మయ్య చూపు గుమ్మం మీదే ఉంది. "వత్తన్నారా?" అన్నాడు.

"వత్తన్నారు" అని అబద్ధమాడింది.

మధ్యాహ్నానికి ఎగశ్వాస మొదలైంది. "ఆ మైకు ఆపమనే" అన్నాడు మధ్యలో. "ఎవుల్ని పిలుత్తన్నారో తెలీడం లేదు." జగదాంబ ఏనాడూ పాడింది లేదు. మంచం పట్టె మీద కూర్చుని, ఆయన చెవి దగ్గర వంగి రామా, రామా అంది. మైకు హోరులో తన గొంతు తనకే వినపడలేదు. ఆయనకు వినపడిందో లేదో ఇక ఎవరు చెబుతారు? చూపు గుమ్మం మీద ఉండగానే ప్రాణం పోయింది.

ఆమె పెట్టిన మొదటి కేకకే పక్కింటి నుంచి గుడికి కబురు వెళ్ళింది. యువరాజు ఇద్దరు పెద్దల్ని వెంటేసుకుని వచ్చాడు. మైల అంటకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"దండం పెడతాను అత్తా. ఏడుపు బయటికొత్తే అందరికీ తెలిసిపోద్ది. ఏకాహం బంగమైపోద్ది. ఊరికే అరిష్టం. దీపాలేల దాకా మావ బతికున్నట్టే అనుకో."

బతికున్నప్పుడు రానివాళ్ళు, పోయాక బతికున్నట్టు అనుకోమన్నారు. జగదాంబ తిట్టడానికి నోరు తెరిచింది. కానీ ఇంటికొకరు మంచాన పడి ఉన్న ఊళ్ళో అరిష్టమన్నది చిన్న మాట కాదు. రేపు ఎవరింట ఎవరు పోయినా తన ఏడుపు వల్లే అంటారు. కొంగు నోట్లో కుక్కుకుని శవం పక్కన కూలబడింది.

దీపాలు పెట్టారు. రాములవారి దయవల్ల ఏ విఘ్నమూ లేకుండా ఏకాహం పూర్తయిందని మైకులో యువరాజే చెప్పాడు. ఆ తర్వాత పూలదండలతో, తాళాలతో, మద్దెలతో అందరూ కట్టగట్టుకుని వచ్చారు.

"ఏకాహం రోజున పోనాడు. ఎంత పున్యం సేసుకున్నాడో" అన్నాడు యువరాజు. "ఇంక ఏడవొచ్చు, అత్తా."

అంతసేపు మింగిన ఏడుపు రమ్మంటే రాలేదు. జగదాంబ లేచి గుమ్మంలోకి వచ్చింది.

"ఊరంతా దేవుణ్ని పిలిసినారు, బాబూ. ఆయనొక్కడు పైడిరాజుని పిలిసినాడు."

పైడిరాజు భోరుమన్నాడు. యువరాజు కళ్ళతో సైగ చేశాడు. భజన మనిషిని భజన లేకుండా సాగనంపితే ఊరేమనుకుంటుంది? జట్టు వాకిట్లో కూర్చుంది. ఏడుస్తూనే పైడిరాజు మద్దెల ఒళ్ళోకి లాక్కున్నాడు. అంత బాగా అతను ఎన్నడూ వాయించలేదు, వాళ్ళు ఎన్నడూ పాడలేదు.

జగదాంబ తలుపు వేసి గడియ పెట్టింది. మొగుడి తల ఒళ్ళోకి తీసుకుని, ఆ చల్లబడ్డ చెవులు రెండూ అరచేతులతో గట్టిగా మూసింది.