దులపని దుప్పటి

"కాస్త ఏడుపు మొహం పెట్టమ్మా! ఇట్లా రాయిలా నుంచుంటే ఎవడిస్తాడు డబ్బులు?" అన్నాడు ఫొటోలు తీసేవాడు.

పిచ్చుకకి ఏడుపు రాలేదు. సర్కారు ఆసుపత్రి లాండ్రీ గుమ్మంలో, కట్టు కట్టిన వేలు గుండె మీద పెట్టుకుని బిత్తరచూపులు చూస్తోంది. మనిషి గుప్పెడంత ఉంటుందని తోటివాళ్ళు పెట్టిన పేరది. పక్కన సూపరింటెండెంటు గుప్పుమని సెంటు వాసన కొడుతూ, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఫొటోలో వేలు పడాలయ్యా, వేలు!" అని అరుస్తున్నాడు.

తొట్టి దగ్గర నెత్తుటి దుప్పటి పిండుతున్న పెద్దక్క తలెత్తి చూసింది. చీము, నెత్తురు, వాంతులు ఉతికి ఉతికి అరిచేతి గీతలు అరిగిపోయిన మనిషి. ఏనాడూ ఆమెకి వికారం పుట్టలేదు. ఆ రోజు ఆ రుమాలు చూస్తే పుట్టింది.

ఆ వేలి కథ చెప్పాలి ముందు. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లలో ఇంజెక్షను సూదులుంటాయి. నర్సమ్మల్ని తిట్టి లాభం లేదు. ఒక్క మనిషికి వార్డు మొత్తం అప్పగిస్తే ఎవరు మాత్రం ఎన్నని చూసుకుంటారు? అందుకే లాండ్రీ ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. ఇద్దరిద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని, ప్రతి దుప్పటినీ సిమెంటు గచ్చు మీద గట్టిగా దులిపేవాళ్ళు. దులిపి, ఆగి, చెవులు రిక్కించేవాళ్ళు. 'టింగ్'మందంటే సూది. చప్పుడు లేకపోతేనే దుప్పటి తొట్టిలోకి. ఎంత వాగుడుకాయైనా ఆ ఒక్క క్షణం నోరు కట్టేసుకోవాల్సిందే. మందపాటి గ్లౌజులు అడిగితే స్టోర్లో లేవన్నారు. చెవులే వాళ్ళకి గ్లౌజులు.

ఈ సూపరింటెండెంటు కొత్తగా వచ్చి, "ఈ దులుపుడంతా టైము దండగ. బండి నుంచి నేరుగా తొట్టిలోకే" అని ఆర్డరేశాడు. ఆ వారం తిరక్కుండానే తడి దుప్పట్లో దాక్కున్న సూది పిచ్చుక వేల్లో దిగింది. అది ఎవరి ఒంట్లోంచి వచ్చిన సూదో, ఆ నెత్తుట్లో ఏ రోగం ఉందో ఎవరికి తెలుసు? నెలల తరబడి పరీక్షలు. మింగితే కక్కొచ్చే మందులు. ఇంట్లో పాలు తాగే పిల్ల. ఆ పిల్లకి రొమ్మివ్వడం ఆపేసి, అది గుక్కపట్టి ఏడుస్తుంటే గోడవైపు తిరిగి పడుకుంటోంది పిచ్చుక.

'డ్యూటీలో తగిలిన దెబ్బ' అని ఆఫీసు ఒప్పుకుంటే వైద్యమూ, జీతంతో సెలవూ హక్కుగా వస్తాయి. ఆఫీసు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆ ఆర్డరు సంగతి బయటికొస్తుంది కదా! దానికి బదులు ఆ ఏటి దాన వారంలో పిచ్చుక ఫొటో పెట్టింది. 'మన చెల్లెలిని మనమే ఆదుకుందాం' అట.

దాన వారం ఏటా ఉండేదే. ఇచ్చినవాడి ఛాతీకి గుండుసూదితో ఓ కాగితప్పువ్వు గుచ్చుతారు. పువ్వు లేని ఛాతీని అందరూ దొంగని చూసినట్టు చూస్తారు. ఆసుపత్రి మొత్తం పువ్వులు పెట్టుకుంటే సూపరింటెండెంటుకి పైనుంచి షీల్డు. ఇష్టమైతేనే ఇవ్వండి అంటారు. ఇష్టం లేదన్నవాడికి మర్నాడు శవాల గది డ్యూటీ.

మధ్యాహ్నం బాయిలరు గదిలో అన్నం గిన్నెలు తెరుచుకుని అందరూ కూర్చున్నారు.

"ఇస్తే పోయేదేముందే? మన పిల్లకేగా!" అంది సబ్బులు కలిపే అత్త.

"కొంపకి నిప్పెట్టినోడే బిందె పట్టుకొచ్చి నీళ్ళకి చందా అడిగాడంట," అన్నాడు బాయిలరు మామ, బీడీ చెవిలో దోపుకుంటూ.

"నీకేం మామా, సామెతలు చెప్తావు. నీ చెయ్యి తొట్టిలో పెట్టవుగా!" అంది అత్త.

పెద్దక్క గిన్నె పక్కకి నెట్టింది. అత్త వైపు తిరిగింది. "ఒదినా, ఒక్కటి చూడు. దానం పుచ్చుకుంటే ఇది పిచ్చుక ఖర్మ. హక్కని అడిగితే వాళ్ళ తప్పు. అందుకే ఇంత తొందర. ఆ ఇచ్చేది కూడా మన జేబుల్లోంచే! సూది మనకి, ఖర్చు మనకి, షీల్డు ఆయనకా?"

"నన్ను పీకేస్తే నువ్వొచ్చి నా పిల్లల్ని సాకుతావా?" అంది అత్త.

అందరూ పిచ్చుక వైపు చూశారు. అది కట్టు సర్దుకుంది.

"అబద్ధమెందుకత్తా, నాకు డబ్బు కావాలి. మందులు కావాలి. కానీ నేను స్టేజీ ఎక్కి చెయ్యి చాపితే దులుపుడు మళ్ళీ రాదు. రేపు నీ వేల్లో దిగుద్ది. నీ ఫొటో తీస్తారు. ఏడుపు మొహం పెట్టమంటారు."

అత్త గిన్నెకి మూత పెట్టింది. ఒప్పుకుందని ఎవరూ అనుకోలేదు కూడా.

వారం ఆఖర్న హాల్లో సభ. పాత దుప్పటి మీద రంగుతో రాసిన బ్యానరు, దాని నిండా కాగితప్పువ్వులు గుచ్చి స్టేజీ వెనక కట్టారు. ముందు వరసలో ఆఫీసువాళ్ళకి కేకులు. సూపరింటెండెంటు మైకు పట్టుకుని, "ఈ ఆసుపత్రి ఒక కుటుంబం" అన్నాడు. వెనకనుంచి బాయిలరు మామ, "అవును, మేం సవతి పిల్లలం!" అన్నాడు. నవ్వులు.

పిచ్చుకని పిలిచారు. ఎక్కింది. ఆయన కవరు చాపాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

"సార్, ఇది డ్యూటీలో తగిలిన దెబ్బ అని మైకులో ఒక్క మాట చెప్పండి. కవరు మీరే ఉంచుకోండి."

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం తల్లీ. ఇటు చూడు, నవ్వు."

"ఆ రోజు ఏడవమన్నారు కద సార్?"

పెద్దక్క లేచింది. ఆమె వెనక లాండ్రీ మొత్తం లేచింది. అందరికన్నా ఆఖర్న, తల దించుకుని, అత్త లేచింది. స్టేజీ ఎక్కి బ్యానరు ముళ్ళు విప్పారు. పువ్వు పెట్టుకున్నవాళ్ళు అవి కూడా పీకి అందులో పడేశారు. నాలుగు కొసలూ పట్టుకుని, ఏళ్ళ అలవాటుతో ఒక్క విదిలింపు విదిలించారు.

గుండుసూదులు చెక్క స్టేజీ మీద వడగళ్ళలా రాలాయి. సూపరింటెండెంటు బూట్లు వెనక్కి గెంతాయి.

"వినపడిందా సార్?" అంది పెద్దక్క. "మీరు మాన్పించింది ఈ చప్పుడే."

వెనక వరసలో ఓ నర్సమ్మ తన పువ్వు తీసి నేలకేసి కొట్టింది. ఆ వెనక ఇంకొకరు. తర్వాత ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పడం కష్టం. "పోలీసుల్ని పిలవండి!" అని మైకులో వినపడింది. మైకు ఆపడం మర్చిపోయాడు పాపం.

పెద్దక్కని వ్యాను ఎక్కించారు. సర్కారు ఆస్తి చింపిందట! చిరుగే లేదు ఆ దుప్పటికి. వ్యాను జాలీలోంచి ఆమె ఒక్కటే అరిచింది: "రేపు దులపండే!"

మర్నాడు పొద్దున దుప్పట్ల బళ్ళొచ్చాయి. "నేరుగా తొట్టిలోకి!" అన్నాడు లాండ్రీ సూపర్వైజరు. పెద్దక్క చోటు ఖాళీగా ఉంది. సబ్బులత్త కొంగు బిగించి పోయి ఆ చోట నుంచుంది.

"పట్టవే పిచ్చుకా, ఆ రెండు కొసలూ."

ఆపరేషన్ గది దుప్పట్లు ముందు దులిపి, ముందు పంపారు. మిగతావి నిదానంగా. ఆలస్యమేంటని వార్డుల నుంచి ఆయాలు పరిగెత్తుకొచ్చారు, సంగతి విని, తామూ రెండు దుప్పట్లు దులిపిపోయారు. 'మేం ఆగుతాం, మీరు ఆగొద్దు' అని పైనుంచి నర్సమ్మలు కబురంపారు. డ్యూటీ దిగగానే అందరూ తడి చేతులతోనే పోలీసుస్టేషనుకి నడవాలని అప్పటికే అనేసుకున్నారు.

రుమాలు ముక్కున పెట్టుకుని సూపరింటెండెంటే దిగొచ్చాడు. "ఎవరిచ్చారు మీకు ఆర్డరు? ఆపండి! ఒక్కొక్కరినీ..."

అత్తా పిచ్చుకా అప్పుడే దుప్పటి విదిలించి ఆగారు. లాండ్రీ అంతా ఊపిరి బిగబట్టింది. అత్త తలైనా తిప్పలేదు.

"ష్... నోరు ముయ్యండి సార్. వింటున్నాం."

టింగ్.